బంతిగా మారిన పోలమ్మ

రండి రండి, వచ్చి కూర్చోండి. ఒరేయ్, ముందు వాడి జుట్టు వదులు. కథ మధ్యలో కొట్టుకున్నారంటే నేను లేచిపోతాను, ముందే చెబుతున్నా. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. నాకేం, గోడకైనా చెప్పుకుంటాను.

అనగనగా ఒక అడవి. దాని పేరు ఇప్పలకోన. అడవి అనగానే పులులూ సింహాలూ అనుకునేరు. అవేం లేవు. అక్కడున్నది ఒక్కటే, ఫుట్‌బాల్ పిచ్చి. ఆ అడవిలో పుట్టిన పిల్ల అమ్మా అనకముందే, "మనవాళ్ళు గెలిచారా?" అని అడిగేది. గెలిస్తే అడవంతా పండగ. ఓడితే ఎవరింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. జంతువులకు పొయ్యేమిటి అంటున్నావా? నోరు మూసుకుని విను.

ఆ జట్టుకు యజమాని ఒక ఎలుగుబంటి. పేరు భూపతిరావు. వచ్చిన కొత్తలో మైదానం మధ్య నిలబడి, "జట్టును నాకు అప్పజెప్పండి. కప్పు తెచ్చి మీ చేతుల్లో పెడతాను" అన్నాడు. ఇప్పలకోన ఎగిరి గంతేసింది. అడవిపంది గంటన్నయితే ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని ఊరేగించాడు.

కప్పు రాలేదు. పైగా ఉన్నవే ఒక్కొక్కటీ ఊడిపోవడం మొదలైంది.

ముందు గోలు గుంజలు చెదపట్టి కూలాయి. "కొత్తవి పాతించండి దొరగారూ" అని అందరూ అడిగారు.

"పాతిద్దాం, పాతిద్దాం" అన్నాడు భూపతిరావు. పాతించలేదు. చూసి చూసి కొంగలే వచ్చాయి. "పోనీలెండి, ఆట ఆగకూడదు. మేం నిలబడతాం" అని అటు రెండు, ఇటు రెండు ఒంటికాలి మీద నిలబడ్డాయి.

తర్వాత గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. కోయించేవాడు లేడు. దుప్పులు వచ్చి కడుపు ఉబ్బేదాకా మేసి నున్నగా చేశాయి. పాపం, రెండు దుప్పులకు విరేచనాలు పట్టుకున్నాయి. ఈల పోయింది. గోరింక రాజ్యం తన గొంతుతోనే ఈల వేసింది.

ఆఖరికి బంతి చిరిగింది.

"బంతి లేదు కాబట్టి ఆట లేదు. పొండి పొండి" అన్నాడు భూపతిరావు ఆవులిస్తూ. గట్టు మీద కూర్చున్న అభిమానులంతా గొల్లుమన్నారు. అప్పుడు వాళ్ళలోంచి అలుగు పోలమ్మ లేచింది.

అలుగు అంటే తెలుసా? ఒళ్ళంతా గట్టి పొలుసులు. చీమల్ని తిని బతుకుతుంది. భయమేస్తే తలా తోకా లోపలికి పెట్టుకుని గుండ్రంగా ముడుచుకుంటుంది. పోలమ్మకు జట్టంటే ప్రాణం. చీమల పుట్ట దగ్గరున్నా చెవి మాత్రం మైదానం మీదే ఉండేది.

"ఆట ఆగడానికి వీల్లేదు. నన్ను తన్నండి" అంది పోలమ్మ. అని మైదానం మధ్యకు నడిచి గుండ్రంగా ముడుచుకుంది.

అందరి కళ్ళూ చెమర్చాయి. "పోలమ్మకు జై!" అన్నారు. భూపతిరావు కూడా చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టడమ్మా! కూర్చున్నచోట నుంచి కదలకుండా బంతి దొరికింది కదా.

ఆ ఒక్క ఆటకే అనుకుంది పోలమ్మ. పై ఆటకు కొత్త బంతి వస్తుందనుకుంది. రాలేదు. ఆ పైదానికీ రాలేదు. అలా అలా పోలమ్మే బంతి అయి కూర్చుంది.

ఇక జట్టు సంగతి చూడండి. అవతలివాళ్ళు పోలమ్మను ఫెడీఫెడీమని తన్నేవారు. వాళ్ళకేం, పోలమ్మ వాళ్ళ అక్కా చెల్లా? మనవాళ్ళకేమో కాలు వచ్చేది కాదు. ముందాట ఆడే కుర్ర దుప్పి గోలు ముందుకు వచ్చాక కూడా ఆగి, "ఏమనుకోకు పోలమ్మక్కా, మెల్లగా తంతాను" అనేవాడు. "ఫరవాలేదు నాయనా, తన్ను" అని లోపలి నుంచి ఆమె అనేది. ఈ మర్యాదలన్నీ అయ్యేలోపు అవతలివాళ్ళు వచ్చి బంతిని ఎగరేసుకుపోయేవారు. ఇక గెలిచేదెక్కడ?

ఓడి ఓడి జట్టు అడుగుకు చేరింది. ఇంకొన్ని ఆటలు ఓడితే పెద్దాటల్లోంచి తీసేసి చిన్నాటల్లోకి తోసేస్తారు. చిన్నాటలంటే కప్పలతో, చుంచెలుకలతో ఆడాలి. ఇప్పలకోనకు అంతకంటే తలవంపులు ఉంటాయా?

దానికి తోడు పోలమ్మ వీపు పొలుసులు వదులయ్యాయి. వడ్రంగిపిట్ట వైద్యుడు వచ్చి టకటకా కొట్టి చూశాడు. "అమ్మా!" అని పోలమ్మ అరిచింది. "ఇంకా తన్నులు తింటే వీపు చీలుతుంది. తర్వాత నువ్వు ముడుచుకోలేవు, లేవలేవు" అన్నాడు. ముడుచుకోలేని అలుగును నక్క ఒక్క పూటలో తినేస్తుంది. అంటే పోలమ్మ ప్రాణానికే ముప్పన్నమాట.

అప్పుడు అభిమానులంతా వాగు ఒడ్డున సమావేశం పెట్టారు.

గంటన్న లేచీ లేవడంతోనే నేల గీరాడు. "యజమాని దిగిపోవాల్సిందే! ఆయన రాయి మీద కూర్చుని తేనె నాకుతాడా, మన పోలమ్మక్క తన్నులు తింటుందా? తిరగబడదాం!"

తాబేలు నరసాయి తాత మెడ బయటపెట్టాడు. "ఆవేశపడకురా గంటా. మనం గట్టు మీద గోల చేస్తే ఆడేవాళ్ళ గుండె జారిపోతుంది. అసలే అంతంతమాత్రం ఆట. ఆయన అలిగి పోతే జట్టును ఎవరు నడుపుతారు?"

"నడుస్తోందా ఇప్పుడు?" అంది గోరింక రాజ్యం. "నేను నినాదాలు కూడా తయారు చేశాను. వినండి. దిగిపో దిగిపో భూపతీ..."

"నినాదం తర్వాత. ముందు ఏం చేయాలో చెప్పు" అన్నాడు తాత.

"నినాదం బాగుంటే ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది" అంది రాజ్యం. ఆ మాటకు సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. కాసేపటికి ఎవరు దేనికి అవునన్నారో ఎవరికీ తెలియలేదు.

చివరికి పోలమ్మ మెల్లగా అంది, "నాకోసం గొడవ వద్దమ్మా. మన ఇంటి గుట్టు పక్క అడవుల్లో పడుతుంది. జట్టు పెద్దాటల్లో ఉంటే నాకదే చాలు. ఈ కాస్తా ఓర్చుకుంటాను."

"అదీ అభిమానమంటే!" అని తాత కళ్ళు తుడుచుకున్నాడు. చూశారా, వీపు చీలేది ఆమెది, మెచ్చుకునేది తాత.

వాదించగా వాదించగా ఒక మాటకు వచ్చారు. ఆట మొదలవగానే అందరూ మైదానానికి వీపు తిప్పి కూర్చోవాలి. యజమానికి సిగ్గు రావాలి.

ఆట రోజు వచ్చింది. అందరూ బుద్ధిగా వీపు తిప్పి కూర్చున్నారు. వెనక నుంచి ధన్‌మని చప్పుడు వచ్చింది. "ఏమైంది, ఏమైంది?" అన్నాడు గంటన్న. "తిరక్కు!" అంది రాజ్యం. ఇంకో చప్పుడు. "ఒక్క కన్నుతో చూస్తానే!" అన్నాడు గంటన్న. ఇంతలో తాత మెడ దానంతటదే వెనక్కి తిరిగిపోయింది. తాతే చూశాక ఇంకెవరు ఆగుతారు? అందరూ తిరిగి కూర్చుని గొంతులు చించుకున్నారు. జట్టు ఓడింది.

భూపతిరావు పక్కవాళ్ళతో, "ఇవాళ మనవాళ్ళు కాసేపు వీపులకు ఎండ కాచుకున్నారు. మంచి అలవాటు" అన్నాడు.

మళ్ళీ సమావేశం. మళ్ళీ అరుపులు. ఈసారి ఆట మధ్యలో అందరూ లేచి బయటికి నడిచి పోవాలన్నారు. రాజ్యం కూత వేయగానే లేచి వరసగా నడిచారు. సగం దారి పోయారో లేదో, "గోలూ!" అని కేక వినబడింది. అంతే! వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఒకరి మీద ఒకరు పడుతూ వెనక్కి పరిగెత్తారు. తీరా చూస్తే గోలు కొట్టింది అవతలివాళ్ళు. గంటన్నకు కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి.

భూపతిరావు మాత్రం పొంగిపోయాడు. "చూశారా! మా అభిమానులు ఒకే ఆటకు రెండుసార్లు వస్తారు!" అని అందరికీ చెప్పుకున్నాడు.

నవ్వుతున్నారా? నవ్వండి. మీ నాన్నా అంతే. క్రికెట్ ఇక చూడనని టీవీ కట్టేసి, వంటింటి గుమ్మంలోంచి తొంగి చూడడూ?

ఇక ఆఖరి ఆట వచ్చింది. కొండవతల జట్టుతో. గెలిస్తే పెద్దాటల్లో ఉంటారు, ఓడితే చిన్నాటలకు పోతారు. ఇప్పలకోన అంతా గట్టు మీదే ఉంది. కొండవతల జట్టుకు యజమాని అయిన ఏనుగు కూడా చూడ్డానికి వచ్చింది. పేరు గున్నమ్మ. మర్యాదస్తురాలు. ఉట్టి చేతులతో రాకూడదని ఒక కొత్త బంతి తెచ్చింది. నున్నగా, గుండ్రంగా, నవనవలాడుతూ ఉంది.

భూపతిరావు రాయి మీద ఎక్కబోయాడు. ఆ రాయి ఎత్తు. రోజూ గంటన్న కింద వంగితే, ఆయన వీపు మీద కాలు పెట్టి ఎక్కేవాడు. ఆ రోజూ గంటన్న వంగాడు. అవునర్రా, తిరగబడదామని అరిచిన గంటన్నే! "యజమాని రాయెక్కకపోతే ఆట ఆలస్యమవుతుంది కదా" అని గొణుక్కున్నాడు.

పోలమ్మ ఆ రాయి పక్కనే ముడుచుకుని ఆట కోసం ఎదురుచూస్తోంది. గున్నమ్మ ఇచ్చిన బంతి ఆమె పక్కన పెట్టారు. పోలమ్మ ఒక కన్ను తెరిచి బంతిని చూసింది. ప్రాణం లేచి వచ్చింది. "హమ్మయ్య! నా కష్టం తీరింది" అనుకుంది.

భూపతిరావు ఆ బంతిని పైకి అందించమని తీసుకున్నాడు. నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. నడుం వెనక పెట్టుకుని హాయిగా వెనక్కి వాలాడు.

"అయ్యో, అది ఆడటానికండీ" అంది గున్నమ్మ.

"కొత్త బంతండీ! తంతే అరిగిపోదూ?" అన్నాడు భూపతిరావు.

"మరి పాపం ఆ అలుగు?"

"దానికేమండీ! పొలుసులు మళ్ళీ మొలుస్తాయి."

పోలమ్మ విన్నది. లోపల ముడుచుకున్న తల ముడుచుకున్నట్టే ఉండిపోయింది. ఎవరికోసం, ఎందుకోసం ఇన్నాళ్ళూ? ఇన్ని తన్నులు తిన్నా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

రాజ్యం ఈల వేసింది. పోలమ్మను తెచ్చి మైదానం మధ్య పెట్టారు. కొండవతల జట్టు అడవిదున్న తన్నడానికి కాలు వెనక్కి లాగాడు. గట్టంతా ఊపిరి బిగబట్టింది.

బంతి విప్పుకుంది.

ముందు తోక వచ్చింది. తర్వాత తల వచ్చింది. తర్వాత నాలుగు కాళ్ళూ నేల మీద ఆన్చి పోలమ్మ లేచి నిలబడింది. దున్న కాలు గాల్లోనే ఉండిపోయింది.

"ఏమ్మా, దెబ్బ తగిలిందా?" అన్నాడు దున్న. ఇంకా తన్ననే లేదు పాపం.

పోలమ్మ ఆయన వైపు చూడలేదు. చరచరా నడిచి గట్టెక్కి, అభిమానుల మధ్య కూర్చుంది.

భూపతిరావు రాయి మీద లేచి నిలబడ్డాడు. "ఏయ్! బంతి బయటికి పోయింది! ఎవరైనా తీసుకురండి!"

"బంతి మీ వెనకే ఉంది దొరగారూ" అంది పోలమ్మ. "నేను పోలమ్మను."

గట్టు మీద అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆట ఆడకపోతే ఓడినట్టే. ఓడితే చిన్నాటలే. తాబేలు తాతకు కాళ్ళు నిలవలేదు. "పోనీ నేను వెళ్ళనా అమ్మా? నా డిప్ప గట్టిదే. కొంచెం చప్పట గానీ దొర్లుతాను" అని ఒక అడుగు కిందికి వేశాడు.

పోలమ్మ తాత డిప్ప మీద చెయ్యి వేసింది. "తాతా, కూర్చో. నువ్వు వెళితే ఆట జరుగుతుంది. ఆట జరిగితే ఆయనకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నీ డిప్ప పగిలాక ఇంకెవరు వెళతారు? ఆ కుందేలు పిల్లా?"

తాత అడుగు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు. కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జట్టంటే ఆయనకూ ప్రాణమే మరి.

అప్పుడు కొంగలు కాళ్ళు మార్చుకున్నాయి. "మాకూ తిమ్మిరెక్కింది" అని గుంజలు నాలుగూ రెక్కలు విప్పి ఎగిరి గట్టు మీద వాలాయి. రాజ్యం ఈల ఆపేసింది. గంటన్న మాత్రం తల దించుకుని రాయి కింద నిలబడ్డాడు. కాసేపటికి అతనూ నడిచి వచ్చి పోలమ్మ పక్కన కూలబడ్డాడు.

మైదానంలో ఏముంది ఇక? ఏమీ లేదు. గుంజల్లేవు, ఈల లేదు, బంతి లేదు. అప్పటిదాకా గున్నమ్మకు అది మంచి మైదానంలాగే కనబడింది. ఇప్పుడు తొండం ఎత్తి నాలుగు వైపులా చూసింది. "ఏమండీ భూపతిరావుగారూ, ఇందులో మీరు పెట్టిందేమిటి?" అంది.

భూపతిరావుకు చెవులు వేడెక్కాయి. "నేను పోయానంటే మీ జట్టు ఉండదు! తెలుసా?" అని గట్టు వైపు చూసి అరిచాడు.

ఒక్క నినాదం లేదు. అందరూ కూర్చుని ఆయన వైపే చూస్తున్నారు. అన్ని కళ్ళు ఒక్కసారి చూస్తే ఎలుగుబంటికి మాత్రం చెమటలు పట్టవూ? రాయి దిగబోయాడు. కింద గంటన్న వీపు లేదు. జర్రున జారి దబ్బున కూలబడ్డాడు. బంతిని చంకన పెట్టుకుని, ఒళ్ళు దులుపుకుని, అటు నుంచి అటే కొండల్లోకి పోయాడు. మళ్ళీ ఇప్పలకోన మొహం చూడలేదు.

హాయిగా ఉంది కదా? ఆగండి. జట్టు ఓడిపోయినట్టు లెక్క కట్టారు. చిన్నాటల్లోకి తోసేశారు. ఆ రోజు ఇప్పలకోనలో ఏడవని కన్ను లేదు. కొందరు పోలమ్మతో మాట్లాడటం మానేశారు. "ఇంకొక్క ఆట ఓర్చుకుంటే ఏం పోయేది?" అని ఆమె వినేలాగే అన్నారు. పోలమ్మ ఆ మాటలు పడింది. మంచి పని చేసినా ఒక్కోసారి మాటలు పడాల్సి వస్తుందమ్మా, ఏం చేస్తాం.

తర్వాత అందరూ కూర్చున్నారు. ఈసారి ఎవరు దిగిపోవాలి అని కాదు, ఎవరు ఏం చేయాలి అని. గంటన్న వాగు ఒడ్డున వెదురు బొంగులు పెకలించి గోలు గుంజలు పాతాడు. గిజిగాళ్ళు నారతో బంతి అల్లి, లోపల బూరుగు దూది కూరాయి. మరీ గుండ్రంగా రాలేదు. ఒక పక్క చొట్ట. అయినా బంతి బంతే.

చిన్నాటల్లో మొదటి ఆట కప్పల జట్టుతో. పోలమ్మ వీపుకు ఆకుపసరు కట్టు కట్టుకుని గట్టు మీద కూర్చుంది. బంతి అయినప్పటి నుంచి ఆమె ఆట చూసిందే లేదు. కొత్తగా చేరిన ఆటగాళ్ళ కాళ్ళు తెలుసు గానీ మొహాలు తెలియవు.

"ఆ వంకర గిట్ట నాకు బాగా తెలుసు. దానికి పైన ఇంత అమాయకపు మొహం ఉందా!" అని నోరు నొక్కుకుంది.

కుర్ర దుప్పి బంతిని ఈడ్చి ఒక్క తన్ను తన్నాడు. అది గోలు మీదుగా, చెట్ల మీదుగా ఎగిరి ముళ్ళపొదలో పడింది. కప్పలు కూడా నవ్వాయి. పోలమ్మ మాత్రం తల బాదుకుంది.

"తాతా, మనవాళ్ళు ఎప్పుడూ ఇంత ఘోరంగానే ఆడతారా?"

"ఇవాళ చాలా నయం తల్లీ" అన్నాడు తాత.

ముళ్ళపొదలోంచి బంతిని తెచ్చారు. నార తెగింది. దూది బయటికి వచ్చింది. ఇంకో బంతి లేదు.

ఆటగాళ్ళు మెల్లగా గట్టు వైపు చూశారు. గట్టు మీదవాళ్ళు ఒక్కొక్కరే పోలమ్మ వైపు తిరిగారు. ఎవరూ ఏమీ అడగలేదు. పోలమ్మ కాళ్ళు వాటంతటవే లేచాయి. ఏళ్ళ అలవాటు కదా.

గంటన్న ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. "కూర్చో అక్కా. ఆట కాసేపు ఆగితే ఆకాశం ఊడి పడదు. నేను గిజిగాళ్ళను పిలుచుకొస్తాను" అన్నాడు. బంతిని నోట కరుచుకుని పరిగెత్తాడు.

ఆట ఆగింది. అవతల కప్పలు నీడన చేరి కబుర్లు పెట్టుకున్నాయి. తాత కునుకు తీశాడు. పోలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కనే చీమల బారు కనిపిస్తే నింపాదిగా తింటూ, బంతి కోసం అందరితో పాటు ఎదురుచూసింది. ఇప్పలకోనలో బంతి చిరిగినా ఎవరి వీపూ చిట్లని రోజు అదే మొదలు.

నీతి: మనకు ఇష్టమైనదాన్ని నిలబెట్టడానికి కష్టపడదాం, తప్పు లేదు. కానీ బాధ్యత తీసుకున్నవాడు చేయని పనికల్లా మన వీపు అడ్డం పెడుతూ పోతే, వాడికి ఆ పని చేయాల్సిన అవసరం ఎన్నటికీ రాదు.